డాక్టరే కావచ్చుగా

డాక్టరే కావచ్చుగా, ఇదెందుకు అని అడుగుతారు. నిరుడు అడిగారు, ఈసారీ అడుగుతారు, దానికి నేను భుజాలు వదులుగా పెట్టుకుని చిన్నగా నవ్వి జవాబు చెప్పాలి. పళ్ళు కనిపించేంత నవ్వకూడదట, అసలు నవ్వకపోతే గర్వమనుకుంటారట. ఇదంతా అక్క చెప్పింది. ల్యాప్‌టాప్‌ను గోధుమపిండి డబ్బా మీద పెట్టాను, ఎత్తు సరిపోయింది. పైన అక్క పంపిన నీలం కోటు, కింద ఇంట్లో వేసుకునే పాత పైజమా, కాళ్ళకు నాన్న ఉన్ని మేజోళ్ళు. ఇంకో గంటలో ఇంటర్వ్యూ, తెర మీద కాలేజీ వాళ్ళ మొహాలు వస్తాయి. వంటింట్లో తప్ప ఇంకెక్కడా కూర్చోవడానికి లేదు, ఈ కెంటకీ కొండల మధ్య మా ఇంటికి ఇంటర్నెట్ అందేది ఈ కిటికీ దగ్గరే, పక్క గదిలోకి వెళ్తే అవతలి మనిషి మొహం ముక్కలుముక్కలై ఆగిపోతుంది. వంటింటికీ నాన్న గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క. ఆ చెక్క అవతల నాన్న ఆక్సిజన్ మెషీను రాత్రీ పగలూ గాలి పీల్చి, వడగట్టి, బుస్సుమని వదిలి, టక్కుమని ఆగి, మళ్ళీ పీలుస్తూ ఉంటుంది. ఆ చప్పుడు నాకు వినిపించడం మానేసి చాలా కాలమైంది. ఈ పొద్దున మాత్రం ప్రతి బుస్సూ వినిపిస్తోంది. పొయ్యి మీద చిక్కుడు గింజలు సన్నటి సెగన ఉడుకుతున్నాయి, అవీ చప్పుడు చేస్తున్నాయి. ఫ్రిజ్ కూడా. ఈ ఇంట్లో నోరు మూసుకుని ఉన్నది నేనొక్కదాన్నే.

వెనక ఫ్రిజ్ కనిపించకూడదంది అక్క. మైక్రోవేవ్ కనిపించకూడదు, గిన్నెలు తోమే తొట్టి కనిపించకూడదు, ఒక గోడ మాత్రం కనిపించాలి, దాని మీద ఏమీ ఉండకూడదు, ఉంటే పుస్తకాల అర ఉండొచ్చు. ఏమీ లేని గోడ మా ఇంట్లో ఎక్కడిది? తెల్ల దుప్పటి ఒకటి మేకులకు తగిలించి దాని ముందు కూర్చున్నాను, తెర మీద చూసుకుంటే ఎవరో ఎత్తుకుపోయి బలవంతంగా మాట్లాడిస్తున్న మనిషిలా ఉన్నాను. కొండల్లో పుట్టి పెరిగినందుకు మార్కులు వేస్తారట, డాక్టర్లు లేని చోటి నుంచి వచ్చేవాళ్ళంటే ఆ కాలేజీలకు ముద్దట. కొండలు కావాలి, కొండల్లోని వంటిల్లు అక్కర్లేదు. యాస కూడా కొంచెం తగ్గించమంది అక్క, మొత్తం తీసెయ్యకు, కొంచెం ఉంచు, ముచ్చటగా ఉంటుంది అంది. ఎంత ఉంచను, చెంచాడా? తను పట్నం వెళ్ళి, స్కూల్లో వైస్ ప్రిన్సిపాలై, యాస మొత్తం కడిగేసుకుంది, క్రిస్మస్‌కి వచ్చి రెండో గ్లాసు తాగితే తప్ప అది బయటికి రాదు. తాగాక మాత్రం నాకంటే ఎక్కువ వస్తుంది.

నేను సీటడుగుతున్నది ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుకి. ఆ రెండో మాట ఉంది చూడండి, దానితోనే వస్తుంది గొడవంతా. పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద మా సంఘపెద్ద డీకన్ హోబర్ట్ నన్ను ఆపి, "అసిస్టెంటంటే ఏంటమ్మా, డాక్టరు సంచీ మోస్తావా?" అన్నాడు. లేదండీ, రోగిని నేనే చూస్తాను, పరీక్షలు నేనే చేయిస్తాను, మందులు నేనే రాస్తాను, కుట్లు నేనే వేస్తాను, అవసరమైతే అడగడానికి పైన ఒక డాక్టరు ఉంటాడు, అంతే అన్నాను. "మరింకేం, డాక్టరే కావచ్చుగా" అన్నాడు, ఏదో నాకు తట్టని సంగతి తను కనిపెట్టినట్టు. ఆయన భార్య నా చెయ్యి నిమిరి, ఇప్పుడు నర్సువేగా తల్లీ, అదీ మంచి ఉద్యోగమే అంది. నేను నర్సును కాను, అంబులెన్సులో పారామెడిక్కుని, ఆవిడ మొగుడు చేపలు పడుతూ గుండె పట్టుకుని పడిపోయినప్పుడు ఏటి ఒడ్డున బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ఛాతీ నొక్కింది నేనే. ఆయన బతికి, మెట్ల మీద నిలబడి, సంచీ మోస్తావా అంటాడు. నేనూ నవ్వాను, పళ్ళు కనిపించకుండా.

వీడియోల్లో పిల్లలు చెప్తారు, ఇరవై రెండేళ్ళ వాళ్ళు, నున్నటి మొహాలతో, ఇంటర్వ్యూలో సీటు ఎలా కొట్టాలో. మీ హృదయం నుంచి మాట్లాడండి అంటారు, తర్వాతి మాటగా ఆ హృదయాన్ని తొంభై సెకన్లలో ముగించండి అంటారు. డాక్టరెందుకు కాకూడదని అడిగితే డాక్టర్లను తక్కువ చేయకూడదు, చదువు ఎక్కువ కాలమని అనకూడదు, అంటే బద్ధకం అనుకుంటారు, డబ్బు ఊసెత్తకూడదు, పిల్లలూ ఇల్లూ ఊసెత్తకూడదు. నలుగురితో కలిసి పనిచేయడం నాకిష్టమనీ, రోగి పక్కన ఎక్కువ సేపు గడపాలనుందనీ చెప్పాలి. సరే, అదే చెప్తాను. నేను ఎప్పుడూ, నాకు ఎప్పుడూ, మళ్ళీ మొదటి నుంచి, నలుగురితో కలిసి పనిచేయడమంటే నాకు ఎప్పుడూ... నా గొంతు నాకే రోత పుట్టిస్తోంది, ఫోను తీసిన ప్రతివాడికీ ఏదో అమ్మజూపే వాళ్ళ గొంతు ఇది.

"ఏంటే ఆ గొణుగుడు, దేవుడితోనా, మీ అక్క డీనాతోనా?" చెక్క అవతలి నుంచి నాన్న.

"ఇద్దరూ ఒకటేగా నాన్నా."

నవ్వబోయాడు, నవ్వు దగ్గులోకి జారింది, దగ్గు తగ్గేదాకా మెషీను ఒక్కటే మాట్లాడింది. నా చేతులు రెండూ బల్ల అంచుని పట్టుకున్నాయని అది తగ్గాక తెలిసింది. తగ్గాక ఆయన, "నా ఊపిరితిత్తుల సంగతి చెప్పవే వాళ్ళకి. కంపెనీకి ఎలాగూ పనికొచ్చాయి, నీకూ కాస్త పనికొస్తే పోలా" అన్నాడు. ముప్పై ఏళ్ళు గనిలో దిగిన మనిషి, వంగి నడిచే చోట వంగి, పాకే చోట పాకి, ఇప్పుడు పక్క మీంచి బాత్రూముకి వెళ్ళి రావడానికి మధ్యలో కుర్చీ వేసుకున్నాడు. ఆ కుర్చీని కూడా ఎగతాళి చేస్తాడు, రైల్వే స్టేషన్ అంటాడు దాన్ని.

నిజంగా నాకెందుకు కావాలో అక్కకి ఒకసారి చెప్పాను. ఒపల్ సంగతి చెప్పాను. మా చర్చిలో పియానో వాయించే ఒపల్, చక్కెర జబ్బు, కాలి మడమ మీద పుండు. మా ఊళ్ళో ఉన్న చిన్న ఆసుపత్రి మూసేశాక ఆవిడ కాలు చూసేవాళ్ళు లేక అంబులెన్సును పిలిచేది. మేం వెళ్ళేవాళ్ళం. మా పనికి ఒక పద్ధతుంది, మనిషిని ఎక్కించుకుని పక్క జిల్లా ఆసుపత్రికి మోసుకుపోవాలి, లేకపోతే నేను రాను అని ఆ మనిషి చేత సంతకం పెట్టించుకుని వెనక్కి రావాలి, మూడోది లేదు. ఒపల్ ప్రతిసారీ సంతకం పెట్టేది, ఇంట్లో పిల్లి ఒక్కతే ఉంటుంది కదమ్మా అనేది. సంతకం అయ్యాక నేను గోరువెచ్చటి నీళ్ళతో ఆ కాలు కడిగి కట్టు కట్టేదాన్ని, అది మా పనిలో లేదు, నాతో వచ్చే డ్రైవరు అటు తిరిగి కిటికీలోంచి చూసేవాడు. పుండు వాసన మారిన రోజు ఏ మందు కావాలో నాకు తెలుసు. తెలిసీ రాయలేను. ఆసుపత్రికి రమ్మని గడ్డం పట్టుకున్నాను, బతిమాలాను, అరిచాను, ఆవిడ నా చేతికి కేకు ముక్క పెట్టింది. ఆ కాలు మోకాలి దాకా తీసేశారు. ఇప్పుడు పియానో దగ్గర కూర్చుని చేతులతో వాయిస్తుంది, కింద పెడల్ తొక్కాల్సిన చోట తొక్కడానికి కాలు లేదు, పాట మధ్యలో ఎక్కడో తెగినట్టుంటుంది, మేమందరం ఏమీ తెలియనట్టు పాడుతుంటాం. ఇదే నా కారణం, ఇంతకంటే నా దగ్గర లేదు. అక్క అంతా విని, "పుండు కథ వద్దే, వినేవాళ్ళకి ఎట్లాగో ఉంటుంది. నాన్న కథ చెప్పు, అది శుభ్రంగా ఉంటుంది" అంది. శుభ్రంగా. గిన్నెలో ఆయన ఉమ్మిన నల్లటి కళ్ళె తను ఎప్పుడైనా కడిగిందా?

సరే చెప్తానన్నాను ఆ రోజు. అక్క ఫోనులో కమిటీలా గొంతు సవరించుకుంది. మార్లా గారూ, మీ నాన్నగారి గురించి చెప్పండి అంది. నేను నోరు తెరిచాను, వచ్చింది ఇది: అరవై తొమ్మిదేళ్ళ పురుషుడు, ఆయాసం, గనిలో పనిచేసి బొగ్గు పొడి వల్ల ఊపిరితిత్తుల జబ్బు, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నాడు, స్పృహలో ఉన్నాడు, మాట స్పష్టం, పడని మందులేవీ లేవు. ఇంకాస్తయితే ఇరవై నిమిషాల్లో చేరుకుంటాం అని కూడా అనేసేదాన్ని. అంబులెన్సు వెనక కూర్చుని రేడియోలో ఆసుపత్రికి అలాగే చెప్తాం, నిమిషం లోపల, వయసు, బాధ, కారణం, చేసిన వైద్యం, చేరే వేళ. పేరు ఉండదు, పేరు రేడియోలో చెప్పకూడదు. అక్క వెంటనే, "మన నాన్నని ఎవరి గుమ్మంలోనో దించేసి వచ్చేస్తున్నట్టుంది నువ్వు చెప్తుంటే" అంది. నిరుడు కాలేజీకి వెళ్ళి కూర్చున్నప్పుడూ ఇదే చేశాను. మీరు ఓడిపోయిన సందర్భం చెప్పండి అంటే కాలువలో పడ్డ కారులోని తల్లీబిడ్డల సంగతి రేడియోలో చెప్పినట్టు చెప్పి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అడిగిన ఆమె మొహం తెల్లబోయింది, కాస్త నీళ్ళు తాగింది. మీకెలా అనిపించింది అంది. చల్లటి నీళ్ళలో ప్రాణం కాస్త ఎక్కువ సేపు నిలుస్తుంది కాబట్టి మామూలు కంటే ఎక్కువ సేపు ప్రయత్నించాం అన్నాను. అనిపించడం గురించి అడిగారు, చేయడం గురించి చెప్పాను. ఏం, అనిపించినవన్నీ వాళ్ళ బల్ల మీద పరిచి చూపించాలా, ఎంపిక చేసుకోండి అని? అనిపిస్తే చేతులు వణుకుతాయి, చేతులు వణికితే సూది నరంలోకి వెళ్ళదు, ఇంతే నాకు నేర్పింది, ఇప్పుడు వచ్చి గొంతు వణికించమంటారు.

ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాను, చేతికి పిండి ఉంది, డబ్బా మూత ఊడింది మరి.

"ఒసే మార్లా, జుట్టు వెనక్కి కట్టావా?"

"కట్టాను."

"మెడలో ఏముంది?"

"మెడే ఉంది."

"వెటకారాలు అయ్యాక చెయ్యి. నాన్న సంగతి మొదటి ప్రశ్నలోనే తెచ్చెయ్. గొంతు కొంచెం వణకాలి, ఏడవకూడదు, వణికి ఆగిపోవాలి. అట్లాంటి కమిటీల్లో నేను కూర్చుంటాను, నాకు తెలుసు."

"ఎంతసేపు వణకాలి అక్కా?"

"నీ ఇష్టం పో. ఇదిగో, ఆ మెషీను చప్పుడు నాకు ఇక్కడికి వినపడుతోంది. లారీ నిలబెట్టినట్టుంది ఇంట్లో. ఆ అరగంటా పక్కన పెట్టలేవా?"

"దేన్ని, నాన్ననా?"

"మెషీన్నే. చిన్న సిలిండరుందిగా, తగిలించి వరండాలో కూర్చోబెట్టు."

"మంచు పడుతోంది బయట."

"అరగంటకి ఏమవుతుందే? ఈసారి కూడా రాకపోతే ఇంక నీకు వయసెక్కడిది?"

పెట్టేశాను. వయసెక్కడిదట. తను పెళ్ళి చేసుకుని పట్నం పోయిన ఏడాది అమ్మ పోయింది, నాన్నకి దగ్గు మొదలైంది, ఇద్దరిలో ఒకరు ఉండాలి కదా, ఒకరం అన్నప్పుడల్లా అది నేనే ఎట్లా అయ్యానో నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నాకు మొగుడని ఒకడుండేవాడు, నీ డ్యూటీకీ మీ నాన్నకీ మధ్య నేను ఎక్కడ పడుకోవాలో చెప్పు అన్నాడు, సోఫా చూపించాను, వెళ్ళిపోయాడు. అక్క మంచిదే. మంచిది కాబట్టే ఒళ్ళు మండుతుంది, చెడ్డదైతే తిట్టి ఊరుకోవచ్చు. నెలకోసారి ఫోను చేసి నాన్నని ఒక మంచి చోట పెడదామే అంటుంది, తన ఊరికి దగ్గర్లో, తోట ఉంటుందట, సంగీతం ఉంటుందట. ఆయనకి కావలసింది మొక్కజొన్న రొట్టె, రేడియోలో బాస్కెట్‌బాల్, తిట్టడానికి ఒక మనిషి. పళ్ళెంలో చిక్కుడు గింజల మీద పచ్చి ఉల్లిపాయ తరుగు పడకపోతే అన్నం ముందు కూర్చోడు. అది సంగీతం వినిపించే చోట ఎవరు తరుగుతారు? నేను చెబుతున్నది ఎవరికి, ఏమీ లేని ఈ దుప్పటికా? ఏదో మారింది. చిక్కుళ్ళు ఉడుకుతున్న చప్పుడు చాలా పెద్దగా వినిపిస్తోంది. ఫ్రిజ్ గుర్రుమనడం వినిపిస్తోంది. కిటికీ అద్దం మీద మంచు రాలే చప్పుడు కూడా వినిపిస్తోంది, మంచుకి చప్పుడుందని ఈ ఇంట్లో నాకు ఎప్పుడూ తెలియదు.

మెషీను ఆగిపోయింది.

కుర్చీ తన్నేసి వెళ్ళాను. నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, పెదవులు బిగించి సన్నగా గాలి ఊదుతూ. గొట్టం ముక్కుకే ఉంది, అందులోంచి ఏమీ రావట్లేదు. పెదవుల రంగు చూశాను, గోళ్ళ రంగు చూశాను, నా చెయ్యి అప్పటికే మీట నొక్కేసింది, మెషీను బుస్సుమంది, ఆయన వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించాను, అంకె చూసి నాకు కళ్ళు ఎర్రబడ్డాయి.

"డీనా చెప్పిందని ఆపేశావా? దాని మాట ఎప్పుడు విన్నావు నువ్వు?"

ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. మాట్లాడ్డానికి గాలి కావాలి. గాలి వచ్చేదాకా నేను నిలబడి మండిపోయాను.

"కదలకుండా కూర్చుంటే... ఉండగలను. చూసుకున్నా."

"ఎప్పుడు చూసుకున్నావు?"

"నువ్వు డ్యూటీకి పోయినప్పుడు." మళ్ళీ ఊదాడు. "మొన్న కూడా చేశా. కరెంటు పోతుంది కదే చలికాలం. సీటొస్తే నువ్వు పట్నంలో ఉంటావు. వరండాలో పెద్ద సిలిండరు లాక్కొచ్చి, తాళం తిప్పి, ముక్కుకి పెట్టుకునేదాకా ఉండగలనో లేదో చూసుకోవద్దూ?"

"ఎవరడిగారు నిన్ను? చచ్చిపోతే?"

"చావలేదుగా. రెండుసార్లు కూర్చున్నా దార్లో, అంతే. స్టేషన్ ఇంకోటి పెట్టాలి అక్కడ."

నవ్వుతున్నాడు. నాకు ఆ మెషీను ఎత్తి కిటికీలోంచి పారెయ్యాలనిపించింది, ఈయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. నేను రోడ్ల మీద ఊళ్ళో వాళ్ళ తండ్రులకి గాలి పెడుతుంటే ఇక్కడ ఈయన ఒంటరిగా మెషీను ఆపుకుని వరండా దాకా దేక్కుంటూ సాధన చేశాడట. ఎవరికీ చెప్పకుండా. సీటు రాలేదు, ఉత్తరం రాలేదు, ఏమీ లేదు, ఈయన మాత్రం నన్ను పంపేసి బతకడం మొదలుపెట్టాడు.

"అయితే నేనక్కర్లేదన్నమాట నీకు."

"అక్కర్లేదని ఎవడన్నాడు? కూర్చో." నేను కూర్చోలేదు. "నిరుడు సీటు రాలేదని కాగితం వచ్చింది చూడు, ఆ సాయంత్రం నువ్వేం చేశావో తెలుసా?"

"వంట చేశాను. ఇంకేం చేస్తాను?"

"పాట పాడావు. రొట్టె పెనం కడుగుతూ పాడావు. మీ అమ్మ పోయాక నువ్వు పాడగా వినడం అదే." గాలి తీసుకున్నాడు. "పోవాలని లేదు నీకు. నన్ను చూపించి ఉండిపోదామని చూస్తున్నావు. నా పేరు వాడుకో, తప్పులేదు, లోపలికి పోవడానికి వాడుకో. ఇంట్లో కూర్చోడానికి వాడితే ఊరుకోను."

నేను పాడలేదు. పాడితే నాకు తెలియదా? పెనం కడిగాను, అది గుర్తుంది, ఉప్పు వేసి గుడ్డతో రుద్దాను, బయట వర్షం, ఒంట్లో ఏదో బరువు దిగిపోయినట్టుంది, ఆకలేసింది, రెండోసారి వడ్డించుకుని తిన్నాను. పాడానేమో. పాడి ఉంటాను. ఈ ముసలాయన అది విని, ఏడాది పాటు నోట్లో దాచుకుని, ఇంటర్వ్యూ ముందు బయటికి తీశాడు, ఇదా తీయవలసిన వేళ? కమిటీ ముందు రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడితే సీటు రాదని అక్క చెప్పిన రోజు నుంచీ నాకు తెలుసు, తెలిసీ ఈ పొద్దున కూడా మనసు దాచుకునే గొంతే సాధన చేస్తున్నాను, సీటు రాకపోవడానికి కమిటీ కారణం కాదు, అక్క కాదు, ఆ వీడియోల పిల్లలు కాదు. మెషీను బుస్సుమంటోంది. వేలి మీద అంకె మెల్లగా పైకి వస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు, బడిలో పిల్లవాడిలా శ్రద్ధగా, నేను నేర్పినట్టే, కొవ్వొత్తి ఆరిపోకుండా ఊదినట్టు. పొయ్యి కట్టేసి వచ్చి కుర్చీ నిలబెట్టి కూర్చున్నాను. దుప్పటి ఒక పక్క మేకు ఊడి జారింది, ఫ్రిజ్ సగం కనిపిస్తోంది. కనిపించనీ.

తెర మీద ఇద్దరు వచ్చారు. తెల్లజుట్టావిడ ఒకామె, గడ్డం ఆయన ఒకడు. ఆయన బాగా నవ్వుతాడు, పళ్ళన్నీ కనిపిస్తాయి, ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. వాతావరణం అడిగారు, మంచు అన్నాను. ఆయన కాగితాలు చూసుకుని, ఇంత కాలం అంబులెన్సులో చేశారు, మార్కులు బాగున్నాయి, మరి డాక్టరెందుకు కాకూడదనుకున్నారు అని అడిగాడు. నలుగురితో కలిసి పనిచేయడమంటే అనే మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. దాన్ని మింగేశాను.

"నాకు ముప్పై ఎనిమిదేళ్ళండీ. డాక్టరయ్యేసరికి యాభై దగ్గరికి వస్తాను. అప్పటిదాకా మా నాన్న ఉండడు. మీ చదువు రెండేళ్ళ పైచిలుకు, దానికైతే ఉండొచ్చు. మా ఊళ్ళో ఒకావిడ కాలు పోయింది, ఆ మందు రాసే చెయ్యి దగ్గర్లో లేక. ఇంకా కాళ్ళున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు నాకు యాభై వచ్చేదాకా ఆగలేరు. అందుకు."

గడ్డం ఆయన నవ్వు ఆపి రాసుకున్నాడు. నా గొంతు వణకలేదు. కోపంగా ఉంది, నాకే వినిపిస్తోంది, కోపంగా కనిపించకూడదని ఏ వీడియోలోనూ చెప్పలేదు, ఎవరైనా అలా కనిపిస్తారని వాళ్ళు అనుకుని ఉండరు. తెల్లజుట్టావిడ కొంచెం ముందుకు వంగి, నా భుజం వెనక్కి చూసింది, ఫ్రిజ్ వైపో, చప్పుడు వచ్చే వైపో.

"ఇది అడగొచ్చో లేదో తెలీదు, జవాబు చెప్పకపోయినా మేమేమీ అనుకోం," అంది. "మీరు ఇక్కడికి వస్తే నాన్నగారి దగ్గర ఎవరుంటారు?"

ఎవరూ లేరు అంటే చాలు. తల కొంచెం దించి ఆ ఒక్క మాట అంటే చాలు, ఆవిడ కళ్ళలో జాలి నిండుతుంది, గడ్డం ఆయన ఒక గీత గీస్తాడు, మంచి మాటలతో ఒక ఉత్తరం వస్తుంది, ఆ సాయంత్రం ఈ వంటింట్లో నాకు ఆకలేస్తుంది. చెక్క అవతల దగ్గు లేదు, మాట లేదు, వింటున్నాడు.

"ఎవరూ ఉండరు," అన్నాను. "ఆయన ఒక్కడే ఉంటాడు. కరెంటు పోతే సిలిండరు దాకా ఎలా వెళ్ళాలో నాకు తెలియకుండా ఒక్కడే సాధన చేస్తున్నాడు, అరగంట క్రితం తెలిసింది నాకు. ఒళ్ళు మండిపోతోంది. మీరు సీటిస్తే వస్తాను."

ఆవిడ కలం కింద పెట్టింది. ఏదో అనబోయింది, జాలి మాటే అయ్యుంటుంది.

"తర్వాతి ప్రశ్న అడగండి," అన్నాను.